కొస ఇంటి కొళాయి

నీళ్ళు ప్రజల హక్కు. మంచినీళ్ళ పైపులో మురుగు కలిస్తే అది ప్రమాదం కాదు, నేరం. ఈ మాటలు రాసిన అట్టముక్క పట్టుకుని నిన్నంతా మునిసిపల్ ఆఫీసు ముందు కూర్చున్నాం. ఈ రోజు, శుక్రవారం పొద్దున, మా పక్కింటి ఓబులేసు జేజినాయన దగ్గరికి పోయినాను. ఆయన ముప్పై నాలుగేళ్ళు మునిసిపాలిటీ నీళ్ళు వదిలిన మనిషి. ఊరి పేరు వద్దన్నాడు కాబట్టి రాయలేదు. నేను అడిగింది ఇది: "దర్జీల సందులో కాశింబీ పాసిపోయిన పలావు తిని చచ్చిపోయిందని అందరూ అంటారు. నాకేమో నీళ్ళ మీదే అనుమానం. దానికి బాధ్యులెవరు, జేజినాయనా?"

ఇక మీదట అంతా ఫోన్లో రికార్డు చేసుకున్న ఆయన మాటే.

*

అది పడతాండాదా? ఆ ఎర్ర చుక్క ఎలగతాంటే పడతాన్నట్టేనా? సరే. బల్లమీదనే పెట్టు, నా మూతికాడ పెట్టద్దు, నాకు దగ్గొస్తాది.

నిన్న చూసినాలే నిన్ను. మందులకు పోతా చూసినా. ఎండలో కూచోని ఏం అరుస్తాండావు అమ్మీ! ముందర నువ్వంటే ఎనక నలుగురు అంటాండారు. నీ గొంతు అచ్చం మా అక్క గొంతే. మా అక్కను కొండాపురం దిక్కు పల్లెకిచ్చింటిమి. ఆ పల్లె ఇప్పుడు గండికోట రిజర్వాయరు నీళ్ళకింద ఉంది. వాకిట్లోకి నీళ్ళొచ్చినా లేయనని గడపమీద కూచోని ఇట్లే అరిచెనంట ఆఫీసరోళ్ళమీద. ఇప్పుడు కాలనీలో ఉంది. కాలనీలో కొళాయికాడ బిందె పట్టుకోని నిలబడతాది. ఊరినంతా నీళ్ళకిచ్చేసి వచ్చి, బిందెడు నీళ్ళకు నిలబడతాంది సూడు. ఫోన్ చేసినప్పుడల్లా నన్నే తిడతాది, నేనేదో ఆ కాలనీకి వాల్వు తిప్పేటోన్నయినట్టు. ఏం చెప్తాంటి? ఆ. కాశింబీ.

నువ్వు ఒగ మాట అడిగితివి. నేనూ ముందర ఒగ మాట చెప్పేస్తా, మల్ల నేను యాడికి పోయినా నన్ను ఈడికి లాక్కరా. కాశింబీ పలావు తిని చావలే. నీళ్ళకే చచ్చిపాయ. ఆ నీళ్ళు వదిలింది నేను. నింద మోసింది ఆమె కోడలు షమీమ్. ఆరేండ్లాయ మోయబట్టి. ఈపొద్దు జుమ్మా నమాజు అయినంక, మసీదులోనుంచి జనం బయటికొచ్చేటప్పుడు, వాళ్ళందరి ముందర నిలబడుకోని ఆ మాట నేను చెప్పల్ల. షమీమ్ బస్సుకొస్తాంది. చెప్తానని మాటిస్తి. నోరు పెగలతాదో లేదో తెల్దు. అందుకే ముందర నీకాడ చెప్పి చూసుకుంటాండా, అంతే.

ఏందీ? వ్యవస్థనా? ఉంటాదిలే, అదీ వస్తాది. ఉండు. వాళ్ళ తప్పు చెప్పకుండా నేనేం దాచను. కానీ నా తప్పు వాళ్ళ తప్పుకింద దాపెట్టాకు. అది మాత్రం చేయాకు.

పులివెందుల్లో మా మామ ఒగాయన మోటార్లు రిపేరు చేస్తాండె. ఆయనకాడ రెండేండ్లు గ్రీసు పూసుకోని తిరిగితి. ఆయనే చెప్పి మునిసిపాలిటీలో దినకూలికి పెట్టించె. తొలీత గుంతలు తవ్వేదే పని. మల్ల వాల్వులిచ్చిరి. ఏటి ఇసుకలో బావులు, బావుల్లోనుంచి మోటార్లు ట్యాంకుకు తోస్తాయి, ట్యాంకుకాడ్నుంచి వీధులకు వదిలేది మేము. రోడ్డుమీద ఇనప మూత ఉంటాది గదా, లారీ పోతే టంగుమంటాది, దానికింద ఉంటాది వాల్వు. నా రొమ్ముదాకా వచ్చే ఇనప కడ్డీ, పైన అడ్డంగా పిడి. దాన్ని లోపలికి దించి తిప్పల్ల. నావి పద్నాలుగు వాల్వులు. ఏది ఎన్ని చుట్లు తిప్పితే ఎంత నీళ్ళిస్తాదో కాయితంలో ఉండదు, చేతుల్లో ఉంటాది. కంసాలోళ్ళ వీధిది తొమ్మిది చుట్లకే పొంగుతాది. దర్జీల సందుది ఇరవై రెండు తిప్పినా, కొస ఇంటికి పోయేసరికి చిటికెనేలంత ధార. ఆ కొస ఇల్లే కాశింబీది.

నీకు నవ్వొచ్చేది చెప్తా. జమ్మలమడుగుకు పిల్లను చూడబోతే మా మామ, మీ అవ్వ వాళ్ళ నాయన, ఉద్యోగం అడగలే, భూమి అడగలే. "ఇంట్లో కొళాయి ఉందా నాయనా?" అనె. ఊరికంతా నీళ్ళొదిలేటోన్ని, ల్యాదని ఎట్ల చెప్పేది? "ఉండాది మామా" అంటి. ల్యా. మీ అవ్వ కాపురానికొచ్చి చూసి నెల దినాలు నాతో మాట్లాడలే. "అందరిండ్లకు వదిలొచ్చి మనింటికి కడవ మోస్తావా, ఏం మొగోడివి" అనేది. చచ్చిపోయేదాక దెప్పె, పాపం. అబద్ధానికి నా నోరు అప్పటినుంచే అలవాటేమో.

కాశింబీ గురించి చెప్పల్ల. నా వయసే. మొగుడు చిన్నప్పుడే పాయ, గుడ్డలు కుట్టి కొడుకును, కూతురిని సాకె. కొడుకు రసూలు, షమీమ్ మొగుడు, కోయిట్లో అరబ్బోళ్ళకాడ డ్రైవరు. ఆమెకు నోరంటే నోరు కాదు. నేను సందులోకి కడ్డీ పట్టుకోని వస్తే చాలు, అరుగుమీదనుంచి అందుకునేది. "ఓబులేసూ, నీ నీళ్ళు మా ఇంటికొచ్చేలోపల ముసిలివైపోతాండాయి గదరా!" అంటాది. నేను "నీ మాదిరే గదా" అంటే, "నేను ముసిల్దాన్నయితే నువ్వేం కొత్త పెండ్లికొడుకువా, తిప్పు తిప్పు, ఇంగో రొండు చుట్లు తిప్పు, నీ చెయ్యేం అరగదు" అని. రంజాన్‌కు సేమ్యాలు గిన్నెడు పెట్టిచ్చేది, "మీ ఇంటామెకియ్యి, నువ్వు తినాకు, నీకు చక్కెర జబ్బు" అని. నా చక్కెర సంగతి సందుకంతా చెప్పింది ఆమే.

అత్తాకోడండ్లు పగలంతా కొట్లాడుకునేవాళ్ళు. ఏందో పెద్ద విషయాలు కాదులే. కూరలో ఉప్పు, తలుపు గొళ్ళెం, చీపురు యాడ పెడితివి. గట్టిగా, వీధికంతా ఇనబడేటట్టు. సాయంత్రమయితే ఇద్దరూ ఒగే మంచంమీద కూచోని టీవీ చూస్తాంటారు. సందులోవాళ్ళకు పగలు అరుపులే గుర్తుండాయి గానీ ఆ మంచం గుర్తులేకపాయ.

ఇంగ లైను కడిగేది చెప్పల్ల. ఇది బాగా ఇనుకో, ఇదే అసలుది. పైపు పగిలి, మట్టి తవ్వి, అతికి, మల్ల నీళ్ళొదిలినప్పుడు ఆ తొలి నీళ్ళు ఇండ్లకు పోనీకూడదు. సందు కొసన ఒగ వాల్వు ఉంటాది, అది తెరిస్తే లైనులో నీళ్ళన్నీ మురిక్కాలవలోకి పోతాయి. తొలీత బురద వస్తాది. మల్ల మసక. మల్ల తేట. తేటగా వచ్చినా మూయకూడదు. నాకు పని నేర్పిన నారాయణప్ప మేస్త్రి తెల్ల పింగాణి గ్లాసు ఒగటి పెట్టుకునేవాడు. అందులో పట్టి చూడల్ల, వాసన చూడల్ల, మందు చుక్కలేస్తే పసుపురంగు రావల్ల. పసుపొస్తే బ్లీచింగు కొసదాకా చేరిందని లెక్క. రాకుంటే ఇంగా పోనీ. ఇరవై నిమిషాలు, అర్ధగంట, ఎంతైనా పోనీ. "కంటికి తేట కనపడేది నమ్మాకు ఓబులేసూ, కండ్లకు పురుగులు కనపడవు" అనేవాడు.

చెప్పడానికి బాగుంటాది. మన దిక్కు ఎండాకాలంలో ఆ పని చేసి చూడు. నాలుగు దినాలు నీళ్ళులేని సందులో, బిందెలు వరస పెట్టుకోని ఆడోళ్ళు నిలబడి చూస్తాంటే, వాళ్ళ కండ్ల ముందర అర్ధగంట నీళ్ళు మురిక్కాలవలోకి వదల్ల. గుండె రాయి చేసుకోవల్ల. నారాయణప్ప అట్లాంటప్పుడు ఎవరిదిక్కూ చూసేవాడు కాదు, గ్లాసులోకే చూస్తాంటాడు. నేను మనుషుల మొగాలు చూసేవాన్ని. అదే నాకు ఆయనకు తేడా.

కాశింబీ పోయిన ఆ ఎండాకాలం రంజాన్ నెల కూడా. నాకింగ రెండేండ్లుంది రిటైరుకు. దర్జీల సందు మొదట్లో మోరీ ఉంది, ఆ మోరీకింద మన పైపు, దానిమీద మురుగు. పైపు తుప్పు పట్టింది, మార్చండి సార్ అని మూడుసార్లు చెప్తి. నోటితో రెండుసార్లు, కాయితం రాసి ఒగసారి. "అంచనాలు పంపినాం" అనిరి. నువ్వు రాయాలనుకుంటే అది రాయి, అది నిజమే. మార్చింటే పగిలేది కాదు. సరే, పగిలె. ఆ మురుగంతా పైపులోకి దిగె. తవ్వి, మురుగు ఎత్తిపోసి, అతికేసరికి ఐదు దినాలాయ. ఐదు దినాలూ ట్యాంకరొచ్చి పెద్దరోడ్డుమీదనే నిలబడేది, సందులోకి తిరగదు. ఒక్కపొద్దులుండే ఆడోళ్ళు ఆ ఎండలో బిందెలు మోసిరి.

ఐదోనాడు మధ్యాన్నం రెండు, రెండున్నర... మూడనుకో. నీళ్ళొదిలి కొసకు పోతి, వాల్వు తెరిస్తి. నల్లగా వచ్చె. వాసన. మల్ల ఎర్రమట్టి. మల్ల మసక. సందంతా వచ్చి నిలబడింది. మసక నీళ్ళు కొంచెం తేటకు తిరిగేసరికి ఒగామె, "చాలప్పా, ఇంగ మూయి" అనె. ఇంగొగామె, "వాళ్ళ ఇంట్లోవయితే ఇట్ల పారబోస్తాడా" అనె. మల్ల ఒగ ముసలాయన, "ఓబులేసప్పా, మా గొంతులెండి చస్తాంటే మోరీకి తాపిస్తాండావే" అనె. నేను ఇననట్టే ఉంటి.

అప్పుడు కాశింబీ వచ్చె. ఒక్కపొద్దుమీదుంది, మొగమంతా పీక్కపోయింది. ఎప్పుడూ నోరేసుకోని పడే మనిషి, ఒగ మాట అనలే. చీర కుచ్చిళ్ళు ఎగ్గట్టి, మురిక్కాలవ గట్టుమీద గొంతుకూచోని, ఆ పైపునుంచి పడే నీళ్ళకింద చెంబు పెట్టి పట్టి బిందెలో పోసుకోబట్టె. నేను "ఓయ్, వద్దు కాశింబీ, అవి మంచివి కాదు" అంటి. తలెత్తి చూసె. "మంచివి నువ్వు యాడిస్తాండావురా" అనె. మెల్లగా అనె. తిట్టింటే తట్టుకుందును.

మందు చుక్కల సీసా నా సంచిలోనే ఉంది. తీయలే. పసుపు రాదని నాకు తెలుసు గాబట్టి తీయలేదేమో. వాల్వు మూసేస్తి. ఆరేడు నిమిషాలు పోయింటాదంతే. "పోండమ్మా, పట్టుకోండి" అంటి. సందంతా కొళాయిలకాడికి పరిగెత్తె. నన్ను దీవించిరి కూడా.

మూసినంక ఏమయితాదంటే, కడగకుండా మిగిలిన మురికంతా లైను కొసలోనే నిలబడిపోతాది. మొదట్లో ఇండ్లకు ట్యాంకునుంచి వచ్చే కొత్త నీళ్ళే పోతాయి. కొస ఇంటికి మాత్రం ఆ నిలబడిందే పోతాది. నాకు తెలుసు. ముప్పైరెండేండ్ల సర్వీసు, నాకు తెలీకుండా ఎట్లుంటాది? అందుకే కాశింబీకి చెప్తి, "ఈ తొలి నాలుగు బిందెలు తాగద్దు, గిన్నెలు కడుక్కోండి, పొద్దున నీళ్ళు తాగండి" అని. చెప్తి... చెప్పినట్టే గుర్తు. శానామందికి అట్లే చెప్పినా, ఈ ఆరేండ్లలో నాకు నేనూ అట్లే చెప్పుకుంటి.

లేదు. అబద్ధం ఎందుకు అమ్మీ. చెప్పలే. చెప్పల్లని నోటిదాకా వచ్చె. చెప్తే "మరి ఎందుకు మూసినావు" అంటారని మింగేస్తి. కడ్డీ భుజాన పెట్టుకోని ఇంటికొచ్చేస్తి.

ఆపద్దు. పడనీ. నాకేం కాలే. ఆ చెంబిట్లియ్యి.

ఆ సాయంత్రం కాశింబీ ఖర్జూరం నోట్లో ఏసుకోని, ఆ నీళ్ళతోనే ఒక్కపొద్దు విడిచింది. షమీమ్ చేతులారా గ్లాసులో పోసిచ్చింది. ఐదు దినాల తర్వాత కొళాయిలో వచ్చిన నీళ్ళు గదా, అత్తకు కొత్తనీళ్ళియ్యల్లని ఇచ్చె. తాను మాత్రం అడుగున మిగిలిన ట్యాంకరు నీళ్ళు తాగె, పారబోయడమెందుకని. షమీమ్ పిల్లోడు సెలవులకు పులివెందుల్లో వాళ్ళ మేనత్త ఇంట్లో ఉండె. కాబట్టి ఆ ఇంట్లో ఆ నీళ్ళు తాగింది కాశింబీ ఒగతే. మల్ల పొద్దుటి పలావు కొంచెం ఉంటే వేడి చేసి అత్తకే పెట్టె.

తెల్లారి వాంతులు, బేదులు. మధ్యాన్నానికి మనిషి లేయలేకపాయ. షమీమ్ నా కాడికే పరిగెత్తుకోనొచ్చె, "మామా, ఆటో పిలువు మామా" అని. నేనే చేతులమీద ఎత్తి ఆటోలో పెడ్తి. పిల్లంత బరువుంది. ఆటోలో కండ్లు తెరిచి చూసి, "నువ్వేందిరా నన్నెత్తుకున్యావు, జనం చూస్తే ఏమనుకుంటారు" అనె. అదే కడపటి మాట నాతో. సెలైన్లు పెట్టిరి. మూడోనాడు పాయ. ఎండకు ఒక్కపొద్దులుండి ఒంట్లో నీళ్ళయిపోయినాయి, వయసైంది, తిండి పడలేదేమో అనిరి ఆస్పత్రిలో.

ఇప్పుడు నీ వ్యవస్థ వస్తాది చూడు. మా సారు ఒగాయన జీపులో వచ్చె. నన్ను పక్కకు పిలిచి "లైను కడిగినావా?" అనె. "కడిగినా సార్" అంటి. "ఎంతసేపు?" "ఇరవై నిమిషాలు సార్." "బుక్కులో రాయి" అనె. రాస్తి. నా రాత అడ్డదిడ్డంగా ఉంటాది గానీ ఆ దినం గుండ్రంగా రాస్తి. ఆయన చుక్కలమందు అడగలే, గ్లాసు అడగలే, ఒగ కొళాయి తిప్పి చూడలే. ఆయనకు కావల్సింది ఆ గీత, నాకు కావల్సింది కూడా అదే. ఇద్దరం ఒగరినొగరు చూసుకోకుండా ఇచ్చిపుచ్చుకుంటిమి.

అంతవరకైతే నువ్వు చెప్పినట్టు ఆఫీసు తప్పు అనుకుందును, నాకు నిద్రపట్టును. కానీ మట్టికిచ్చి వచ్చినంక మసీదు ముందర సందులోవాళ్ళు నలుగురు నిలబడి నన్ను పిలిచిరి. "ఓబులేసప్పా, నువ్వయితే నిజం చెప్తావు. నీళ్ళల్లో ఏమన్నా ఉండెనా?" అని. ఆఫీసరును అడగలే వాళ్ళు. నన్నడిగిరి. వాళ్ళ నాయన్ల కాలంనుంచి నీళ్ళొదుల్తాండా, నా మాటే వాళ్ళకు పరీక్ష. నేను చెప్తి, "నీళ్ళు బంగారం. నేనే దగ్గరుండి కడిగినా. నీళ్ళల్లో ఏమీ లేదు."

అప్పుడు ఒగామె అనె, "మరింగ ఏం తినిందో ఆ ఇంట్లో." అంతే. అందరూ షమీమ్ ఇంటి దిక్కు తిరిగి చూసిరి. నేనూ చూస్తి అమ్మీ. వాళ్ళతోపాటు తిరిగి చూస్తి. పాసిపోయిన పలావు పెట్టింది, అత్తంటే గిట్టదు గదా, పగలంతా కొట్లాడేది గదా... సాయంత్రానికి సందంతా అదే మాట. కోయిట్‌కు ఫోన్లో పాయ ఆ మాట. రసూలు రావడానికి అరబ్బోడు సెలవియ్యలే. తల్లి మొగం చూడలేకపాయ. వానికి ఎవరిమీదనో ఒగరిమీద కోపం పడల్ల గదా, అందేది ఆమే. నాలుగు నెలలకొచ్చి, కొట్టలే తిట్టలే, "మీ అమ్మోళ్ళింటికి పో" అనె. పిల్లోన్ని మాత్రం ఆమెతో పంపలే, పులివెందుల్లో తన చెల్లెలికాడ పెట్టె. మల్ల నా ఇంటికొచ్చె రసూలు. కోయిట్ కంబళి ఒగటి తెచ్చి నా చేతిలో పెట్టి, "మా అమ్మను చేతులమీద మోసినావంట గదా మామా" అని కాళ్ళు పట్టుకునె. తీసుకుంటి. ఏం చేయల్ల చెప్పు? వద్దంటే ఎందుకంటాడు. పెట్టెలో ఉంది, విప్పను కూడా లే.

మీ అవ్వకు కూడా చెప్పలే. ఆమె పోయి ఏడాదయినంక, మొక్కు ఒగటి మిగిలిపోయిందని పోయిన నెల బ్రహ్మంగారిమఠం పోతి. గుడికాడ్నుంచి బస్టాండుకు వస్తాంటే, చిన్న రేకుల షెడ్డులో కుట్టుమిషను తొక్కుతా షమీమ్, వాళ్ళమ్మోళ్ళ ఊరదే. నేనే గుర్తుపట్టలే, ఆమే పిలిచె. "ఓబులేసు మామా! ఏం చిక్కిపోయినావు! కూచో, ఎండలో వచ్చినావు" అని స్టూలు తుడిచి, కడవలోనుంచి నీళ్ళు ముంచిచ్చె. చెయ్యి చాపలేకపోతి. ఆ నీళ్ళు తాగితే ఇంగ జన్మలో చెప్పలేనని తెలిసిపాయ. చెప్పేస్తి. నీకు చెప్పినట్టు వరసగా కాదు, ఎనకదిముందరకు, ముందరిదెనక్కు. వాల్వు, ఆరు నిమిషాలు, బుక్కు, బంగారమన్న మాట.

ఆమె మిషను తొక్కుతానే ఉంది. కుట్టు వంకర పోతాంది, ఆమె చూడలే. మల్ల ఆపె. ఏడుస్తాదనుకుంటి, తిడతాదనుకుంటి. ఏమనిందో తెలుసా?

"ఆ పలావు నేను నాలుగుసార్లు వాసన చూసింటి మామా. బాగనే ఉండె. కానీ అందరూ పాసిందనిరి. రోజూ అన్నం ఒడ్డించే ముందర ఇప్పటికీ వాసన చూస్తా. నా ముక్కు మీద నాకే నమ్మకం పాయ. ఆమెను నేనే చంపినానేమోనని నమాజులో కూడా అదే తలపు."

ఆరేండ్లు, అమ్మీ. నేను దాపెట్టింది నా తప్పొగటే అనుకుంటి. ఆమెకు ఆమె మీద నమ్మకం తీసేసినానని నాకు తెల్దు.

నేను కాళ్ళమీద పడబోతి. ఎనక్కు జరిగె. "వద్దు మామా. ఈడ, నా ఒగదాని ముందర చెప్పి నువ్వు తేలికయితివి. నాకేమొచ్చె? నా కొడుక్కు పన్నెండేండ్లు. నన్ను చూస్తే మాట్లాడడు. నీళ్ళు బంగారమని ఆడ నిలబడి అన్యావు గదా. ఆడనే నిలబడి, వాళ్ళకే చెప్పు. నేనూ వచ్చి నిలబడతా. నా ముందర చెప్పు." నేను సరే అంటి. ఏ దినమని అడిగె. వాయిదా ఏస్తానని ఆమెకు తెలుసు. రసూలు సెలవుకొచ్చే దినాలు లెక్కేసి ఆమే చెప్పె, ఫలానా శుక్రవారమని. ఈపొద్దే అది.

నువ్వూ వస్తావా? రా. మీ వాళ్ళను పిలువద్దు. అట్టముక్కలు తేవద్దు. ఆఫీసు మీద నువ్వు రేపటినుంచి ఎంతైనా కొట్లాడు, మోరీకింద పైపు ఇంగా అదే ఉందంట, దానికోసరం కొట్లాడు, నేనిచ్చిన కాయితం నకలు బీరువాలో ఉంది, తీసుకపో. నేను అప్పుడు నీ మాదిరి ఆఫీసు ముందర కూచోని అరిచింటే కాశింబీ బతికుండునేమో. అరవలే. మూడుసార్లు చెప్తి, సరిపాయ అనుకుంటి. కానీ ఈ మధ్యాన్నం మాత్రం వద్దు. ఈ మధ్యాన్నం "ఆఫీసు" అనే మాట వస్తే, నేను దానెనక నక్కుతా. నా సంగతి నాకు తెలుసు. జనం కూడా అటే తిరుగుతారు, షమీమ్ మల్ల ఎవరికీ కనపడదు. నువ్వు ఊరికే వచ్చి ఆమె పక్కన నిలబడు. ఆమెకు ఆ సందులో పక్కన నిలబడేటోళ్ళు ఎవరూ లేరు.

రసూలు కొడతాడేమో. కొట్టనీ. నువ్వు అడ్డం రాకు.

ఎట్ల మొదలుపెట్టల్లా అని పొద్దున్నుంచి అనుకుంటాండా. "కాశింబీని చంపింది నేనే" అని అందామనుకుంటి. అట్లంటే అందరూ నన్నే చూస్తారు, అయ్యో ఓబులేసప్పా అంటారు, ముసిలోడు ఏడుస్తాండాడని నీళ్ళు తాపుతారు, మల్ల అదంతా నా కథయిపోతాది. కాదు. "ఆ దినం లైను..." అని మొదలుపెడితే, వాళ్ళకు లైను సంగతి తెలీదు, సగం మంది బండెక్కి పోతారు.

"షమీమ్ తప్పేమీ లేదు." ఇట్ల. ముందర ఆ పేరే రావల్ల. వాళ్ళకు ఏదీ ఇనబడకపోయినా అదొగటి ఇనబడల్ల. షమీమ్ తప్పేమీ లేదు. పలావు బాగనే ఉండె. ఇనబడిందా? ఇంగోసారి అంటా, ఇను. షమీమ్ తప్పేమీ లేదు...

సరే, ఇంగ ఆపు దాన్ని. నువ్వు సల్లగుండల్ల తల్లీ. ఆ కోపం తగ్గించుకోవాకు, ఎవరు చెప్పినా. ఆ చొక్కా ఇట్లియ్యి. మఠం బస్సొచ్చే యాళాయ, ఆమె ఒగతే దిగి నిలబడుకోని ఉంటాది...